ఈదన్న కాళ్ల దగ్గరి రాయి

2023లో దసరా వెళ్లిన మూడో వారం. నాగర్‌కర్నూల్‌లో నాది బ్యాటరీ బండ్ల రిపేరు షాపు. మన్ననూర్ దగ్గర అడవి చూడ్డానికి వచ్చేవాళ్లు దిగే విడిది ఒకటి ఉంది. వాళ్లను గదుల నుంచి మిట్ట మీదికి తిప్పడానికి అక్కడ ఎలక్ట్రిక్ గోల్ఫ్ కార్ట్ వాడతారు. ఆరుగురు కూర్చునే, తలుపుల్లేని చిన్న బండి. ఏటా దసరా ముందు నేనే పోయి దానికి సర్వీసు చేసి వస్తాను.

ఆ రోజు పొద్దున్నే మేనేజరు ఫోను. బండి నడుస్తూ నడుస్తూ మిట్ట మధ్యలో ఆగిపోతోందట, కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్లీ కదులుతోందట.

వెళ్లాను. సీటు ఎత్తితే కింద ఆరు బ్యాటరీలు, మొత్తం కలిపి నలభై ఎనిమిది వోల్టుల బండి. మీటరు పెడితే యాభై ఒకటి చూపించింది. జాకీ మీద వెనక చక్రాలు లేపి యాక్సిలరేటర్ తొక్కితే బొంగరంలా తిరిగాయి. నట్లన్నీ బిగుతుగానే ఉన్నాయి. బండికి ఏ రోగమూ లేదని మేనేజరుతో తేలిగ్గా అనేశాను. నా సొమ్మేం పోయింది, నోటిమాటే కదా.

ఆ మాటతో ఆయన డ్రైవరు ఈదన్న వైపు తిరిగాడు. అతను అక్కడి పెంట మనిషి, చెంచుల గూడేన్ని పెంట అంటారు, నలభై ఏళ్లుంటాయి. మొన్న ఒక తల్లి, ఇద్దరు పిల్లలు ఎక్కి ఉండగా బండి వెనక్కి జారి, లోయ అంచుకు రెండడుగుల దూరంలో ఆగిందట. ఇతనే భయపడి ఎక్కుడులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తున్నాడని మేనేజరు అనుమానం. ఇప్పుడు నా మాట కూడా తోడైంది. సాయంత్రం తాళం చెవి ఇచ్చేసి పొమ్మన్నాడు. ఈదన్న ఇల్లు ఆ జీతం మీదే నడుస్తుంది. అయినా అతను వాదించలేదు. నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"నిలవెట్టి చూస్తే ఏం తెలుస్తదన్నా. జర మిట్ట దాక రా."

నాకు వెళ్లాలని లేదు. సిగ్గెందుకు, నాకు ఎత్తులంటే భయం. ఆ దారికి ఒకవైపు బండ, ఇంకోవైపు లోయ. కానీ కాదనడానికి మొహం చెల్లలేదు. మనుషుల బరువుకు బదులు వెనక సీట్లలో నీళ్ల క్యాన్లు నింపి పెట్టాం. బ్యాటరీల నుంచి పొడుగు వైర్లు లాగి మీటరు ఒళ్లో పెట్టుకున్నాను. ఎక్కి కూర్చున్నాక చూస్తే ఈదన్న కాళ్ల దగ్గర గుండ్రటి రాయి ఒకటి ఉంది. ఎందుకని అడిగాను.

"టైరు కింద పెట్టనీకి. మొన్న లేకుండె," అన్నాడు.

బండి ఎక్కడం మొదలుపెట్టింది. యాభై, నలభై తొమ్మిది, నలభై ఏడు. సగం మిట్టలో మోటారు శబ్దం టక్కున ఆగింది. మీటరు ఇంకా నలభై ఏడే చూపిస్తోంది. అంటే బ్యాటరీల్లో కరెంటు ఉంది, మోటారు దాకా పోవడం లేదు. అంతవరకే ఆలోచించగలిగాను. బండి వెనక్కి జారింది. ఈదన్న బ్రేకు మీద నిలబడినంత పని చేశాడు. అయినా కంకర మీద టైర్లు జారుతూనే ఉన్నాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"దుంకు అన్నా. రాయి పెట్టు," అన్నాడు. గొంతు పెంచలేదు.

ఎలా దూకానో, రాయి ఎలా పెట్టానో ఇప్పటికీ గుర్తు లేదు. బండి ఆగాక సీటు ఎత్తేసరికి కాలిన వాసన. బ్యాటరీకి వైరు కలిసేచోట లగ్ అని రాగి చెవి ఉంటుంది. ఒక్కొక్కటీ తాకుతూ పోయాను. అన్నీ చల్లగా ఉన్నాయి, చివరి బ్యాటరీది మాత్రం వేలు చుర్రుమనిపించింది. చల్లారనిచ్చి నట్టు విప్పాను. లగ్ కింద మాడిన పసుపు, కుంకుమ.

ఆ బొట్టు పెట్టింది నేనే. ఆయుధ పూజ నాడు మా దగ్గర ప్రతి బండికీ బొట్టు పెడతాం. లారీ మెకానిక్ అయిన మా నాన్న బ్యాటరీ మూత మీద పెట్టేవాడు. నాకు భక్తి ఎక్కువై, ఆ ఏడు శుభ్రంగా రుద్దిన బ్యాటరీ సీసపు కొన మీదే పసుపు తడిపి పెట్టి, దానిమీద లగ్ బిగించాను. లోహానికీ లోహానికీ మధ్య పసుపు పొర. చదునులో కొంచెం కరెంటు చాలు కాబట్టి బండి నడిచేది. ఎక్కుడులో మోటారు ఎక్కువ గుంజేసరికి ఆ అతుకు వేడెక్కి వోల్టేజీని అక్కడే తినేసేది. మోటారుకు కరెంటు పంచే కంట్రోలర్, తన దాకా వచ్చేది తగ్గిందని అంతా బంద్ చేసేది. కంచే చేను మేయడమంటే ఇదే.

గరుకు కాగితంతో రుద్ది బిగించాక అదే మిట్ట మూడుసార్లు ఎక్కాం. ఆగలేదు. కానీ కిందికి దిగేటప్పుడు నాకు ఇంకో భయం పట్టుకుంది. లూజ్ కనెక్షన్ అంటే మేనేజరు ఇంకేమీ అడగడు. నిజం చెబితే జిల్లా అంతా నా పేరు పోతుంది. ఈదన్న కూడా ఆ బొట్టును చూశాడు, రాయి మళ్లీ కాళ్ల దగ్గర పెట్టుకుని బండి దించుతున్నాడు.

నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లాను. "తప్పు ఈదన్నది గాదు సార్. నాది. బొట్టు నేనే పెట్టిన," అన్నాను. అడవి చూసే బండికి ఇంత పూజ అక్కర్లేదన్నాడాయన. తాళం చెవి ఈదన్న చేతిలోనే ఉండిపోయింది.

మరుసటి దసరాకు వెళ్తే రాయి ఇంకా అతని కాళ్ల దగ్గరే ఉంది. బండి మంచిగుంది కదా, ఇంకా రాయెందుకని అడిగాను.

"పోయినేడు గూడ మంచిగున్నదనే అంటివి గదన్నా," అన్నాడు, నవ్వకుండా.

ఆ రోజు బొట్టు మూత మీద పెట్టాను. క్యాన్లు నేనే మోసి ఎక్కించి, రాయి నా కాళ్ల దగ్గరికి జరుపుకుని, మిట్ట దాకా పోనిమ్మని ఈదన్నతో చెప్పాను.