కొబ్బరిపాల కూరలో నేను పోసింది

ఆ రోజు కొబ్బరిపాల కూరలో చేపల సాస్ పోసింది మా వదిన కాదు, నేను. ఈ ఒక్క మాట బయటికి రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. పోయిన ఆదివారం నిజామాబాద్‌లో అన్న ఇంటికి వెళితే, అన్న కూతురు సెల్‌ఫోన్ గోడకు ఆనించి అదే థాయ్ కూర వండుతూ, "కాకా, నువ్వు దుబాయ్‌ల గివే వండేటోనివట గదా, చేపల సాస్ ఎన్ని చెంచాలు పొయ్యాలె?" అని అడిగింది. పక్కన ఉల్లిగడ్డ తరుగుతున్న వదిన చేయి ఆగింది.

నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, మా వైపు ఇంటికొకరం గల్ఫ్‌కు పోయినవాళ్లమే. నేను దుబాయ్‌లో ఒక థాయ్ హోటల్లో ఆరేళ్లు గిన్నెలు తోమి, బోధన్‌కు తిరిగొచ్చి వంటవాడినని చెప్పుకున్నాను. వండి పెట్టమంటే ఇక్కడ సామాన్లు దొరకవనేవాణ్ని.

వదిన ఆ మాట నమ్మి, నేను గొప్పగా చెప్పిన రుచులను బట్టి, దొరికినవాటితోనే చేసి చూపింది. రుద్రూర్ నుంచి తెచ్చి పెరట్లో నాటుకున్న నిమ్మగడ్డి, ఏర్గట్ల పచ్చిపసుపు కొమ్ములు, ఇంట్లో పిండిన కొబ్బరిపాలు, నాలుగు వంకాయలు, ఓ బెల్లం ముక్క; అరగంటలో అయిపోయే కూర. ఆమె క్రైస్తవుల ఇంటి పిల్ల, అన్న ఇష్టపడి చేసుకున్నాడు. మమ్మల్ని కన్న అవ్వేమో పండరిపురంలో తులసిమాల కట్టించుకున్న మనిషి. మాల మెడలో ఉన్నంతకాలం నీచు ముట్టకూడదు. కోడలి చేతి నీళ్లు తాగడానికే ఆమెకు రెండేళ్లు పట్టింది, వంటగది అప్పజెప్పడానికి ఇంకో మూడేళ్లు. అందుకే నేను దుబాయ్ నుంచి తెచ్చిన చేపల సాస్ సీసాను వదిన వంటగది గడప దాటనివ్వలేదు; ఉప్పు, సోయా సాస్‌తో సరిపెట్టేది.

ఆ కూర మొదటిసారి తిన్ననాడు బాపు నా వైపు తిరిగి, "ఓరి దుబాయ్ వంటోడా, మీ వదినె కాడ ఆర్నెల్లు కూసోని నేర్చుకోరాదురా" అన్నాడు. అందరూ నవ్వారు. అవ్వ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, ఇంకో గరిటె వేయించుకుంది. కోడలి వంట తిని ఆమె నవ్వడం అదే మొదలు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

మరుసటి ఆదివారం, ఇంటినిండా చుట్టాలున్న రోజు, వదిన నీళ్ల కోసం పెరట్లోకి పోగానే నా పెట్టెలోని సీసా తెచ్చి, సగం కూరలో వంపి, సీసాను ఆమె మసాలా డబ్బాల వెనక పెట్టాను. అవ్వ నాలుగు ముద్దలు తినేదాకా ఆగి, "గిదేంది వదినె, చేప వాసనొస్తుంది?" అన్నాను. నేనే లేచి, వెతికినట్టు చేసి, సీసా తెచ్చి చాప మీద అందరి మధ్యా పెట్టాను.

అవ్వ తిట్టలేదు. పెరట్లోకి పోయి కక్కుకుని, తలమీదుగా స్నానం చేసి వచ్చి, మాల తీసి విఠలుని పటం ముందు పెట్టింది. "మీ దేవునికి నడుస్తదేమో బిడ్డా, నా దేవునికి నడ్వది" అని మాత్రం అంది. వదిన నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది.

ఆ పూట నుంచి వదిన ఆ వంటగదిలో అడుగుపెట్టలేదు. అవ్వ వణికే చేతులతో తానే వండుకునేది, వదిన వరండాలో కూర్చుని బీడీలు చుట్టేది. మాల మళ్లీ పండరిపురంలోనే కట్టించుకోవాలని అవ్వ పట్టు పట్టింది, మోకాళ్లు కదలనివ్వలేదు. నాలుగేళ్లకు బోసి మెడతోనే పోయింది. ఆఖరి రోజుల్లో మంచం పక్కన ఉన్నది నేనే. మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా, మంచినీళ్లు కావాలా అవ్వా అని అడిగేవాణ్ని.

ఇప్పుడు ఆ సామాన్లన్నీ నిజామాబాద్ దుకాణాల్లో ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. పిల్లలు ఏ దేశపు కూరైనా అరగంటలో దించి, నవ్వుతూ తింటున్నారు. కూరలో ఏం పోశారని అడిగే మనిషే ఇంట్లో లేదు.

ఆదివారం ఆ పొయ్యి దగ్గరే, అన్న, పిల్ల వింటుండగా చెప్పాను. గిన్నెలు తోమిన సంగతి ముందు చెప్పాను, అది తేలిక గనుక. తర్వాత సీసా సంగతి. పిల్ల పొయ్యి ఆర్పేసింది. అన్న చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పోయాడు.

"నాకెరికే. నీ చేతులు గా రోజంత వాసనొచ్చినయి" అంది వదిన.

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే ఎవరు నమ్ముదురు? నువ్వు కన్నకొడుకువాయె. నాకెందుకు చెప్తున్నవిప్పుడు? అవ్వకు చెప్పేదుండె."

మళ్లీ ఉల్లిగడ్డ తరగడం మొదలుపెట్టింది. ఆ కత్తి చప్పుడు మీదుగానే అన్నాను: "అవ్వ మెడల మాల తీయించింది నేనే. నిన్ను పొయ్యి కాడ్నుంచి లేపింది నేనే. తప్పయింది, వదినె."