తెల్ల ప్లేటు కారు

నల్లగొండ బస్సులో కట్టంగూరు దాకా నా పక్కన కూర్చున్న ఆవిడ పేరు నాకు తెలియదు. మా కొత్త కారులో పెళ్లివాళ్లను కిరాయికి ఎక్కించుకొని బయలుదేరుతున్నానని మా ఆయన ఫోన్ చేస్తే, సంబరంగా మాట్లాడి పెట్టేశాను. ఆవిడ అంతా విన్నది.

“బండి నంబరుకు తెల్ల ప్లేటా, ఎల్లో ప్లేటా చెల్లె?” అని అడిగింది.

“తెల్లదే. ఇంటికోసమని కొన్నం.”

“మాది గూడ గట్లనే ఉండె. కిరాయికి పోయినప్పుడు బోల్తా పడ్డది, ఎక్కినోళ్లకు దెబ్బలు తాకినయ్. సొంత బండిని కిరాయికి తిప్పిండ్రని ఇన్సూరెన్సోళ్లు పైసలియ్యలే. దవాఖాన ఖర్చులకు మా చెల్క అమ్మినం. భూమి పోతే పోయింది గానీ, మా ఆయన గప్పటిసంది స్టీరింగు ముట్టలే.”

వెంటనే ఆయనకు చెబుదామని ఫోన్ తీయబోతే ఆవిడ నా చేతిమీద చేయి వేసి ఆపింది.

“ఇప్పుడొద్దు, బండి నడుపుతుండు. పరేషాన్ అయితడు. ఇంటికొచ్చి తిన్నంక జర నిమ్మలంగ చెప్పు. కిరాయికి తిప్పాల్నంటే ఎల్లో ప్లేటు, టాక్సీ ఇన్సూరెన్సు, మూణ్నెల్లకోసారి టాక్సు. గంతే.”

సంచిలోంచి బత్తాయి తీసి ఒలిచి, తొనలు నా అరచేతిలో పెట్టింది. అవి తినేలోపే కట్టంగూరు వచ్చింది, దిగిపోయింది.

ఆయన అన్నం తిన్నాకే చెప్పాను. ఖర్చు పెరుగుతుందని గొణిగినా, కిరాయిలు ఆపేసి ముందు కాగితాలు మార్పించారు. ఎల్లో ప్లేటు బిగించిన రోజు, “నీకివన్నీ ఎవరు చెప్పిండ్రు?” అని అడిగారు.

“మా అక్క” అన్నాను.

నాకు అక్క లేదని ఆయనకు తెలుసు. అయినా మళ్లీ అడగలేదు.