గోపురం కట్టిన సోల

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలు వంటింటి గట్టు మీద పలకలాంటి తూకపు యంత్రాన్ని పెట్టి, దాని మీద ఖాళీ గిన్నె ఉంచి, ఏదో మీట నొక్కి గిన్నె బరువును సున్నా చేసేసి, ఇక పిండి పొయ్యమని నాకు అప్పగించింది. దీనికంతటికీ కారణం పినాంగులో ఉన్న మా మేనత్త కొడుకు. చిన్నప్పుడు ఒకే ఒక్కసారి మా ఊరు వచ్చినప్పుడు మా అవ్వ చేసిపెట్టిన కేకు కొలతలు కావాలని, వీలైతే గ్రాముల్లో రాసి పంపమని అతను ఫోనులో కబురు పెట్టాడు. అరవై దాటిన మనిషి అడిగింది మెత్తగా వచ్చిన కేకును కాదు, అంతకు ముందు చేసిన రాయిలాంటి దాన్ని. చెడిపోయిన వంటకు కొలతలు అడిగేవాళ్ళుంటారా అని మా మనవరాలు నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కాని, ఆ వెనుకే ఇంకేదో కూడా వచ్చింది. మీలో గిద్దలు, సోలలు, తవ్వలతో కొలిచిన ఇళ్ళలో పెరిగినవాళ్ళుంటే నా అవస్థ మీకు తెలుస్తుంది.

మా ఊరు విడవలూరుకు తూర్పున, గాలి మళ్ళితే సముద్రపు హోరు వినపడేంత దూరంలో ఉండేది. మాది మాగాణి సేద్యం. నాయనకు ఒక్కతే చెల్లెలు, అంటే మా అత్త. ఆమెను పినాంగు రేవులో గుమాస్తాగా పనిచేసే మనిషికి ఇచ్చారు. మద్రాసులో ఓడ ఎక్కబోయే ముందు అవ్వ ఆమె ఒడిలో దోసిళ్ళకొద్దీ బియ్యం పోసిందని, ఆమె నడుస్తుంటే అవి జారి రేవు దాకా రాలాయని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఆ తరువాత చాలా ఏళ్ళు అత్త రాలేదు. అక్కడే ఆమెకు కొడుకు పుట్టాడు. అవ్వకు మనవడంటే ఉత్తరంలో వచ్చిన ఒక ఫోటో, అంతే.

ఒక ఉత్తరంలో అత్త, ఇక్కడ ఇరుగుపొరుగు పిల్లలకు పుట్టినరోజున కేకు చేస్తారనీ, తానూ నేర్చుకుని బిడ్డకు చేసిందనీ రాసింది. నాయన అరుగు మీద కూర్చుని చదువుతుంటే అవ్వ అక్కడ ఆపించి, మళ్ళీ చదివించుకుని, అదెట్లా చేస్తారో రాయమని జవాబు రాయించింది. ఆమె ఆలోచన చాలా సూటిగా ఉండేది. ఎత్తుకుని ముద్దాడే యోగం ఎటూ లేదు, కనీసం వాడు అక్కడ ఏం తింటాడో అదే రోజున అదే రుచి ఇక్కడ తన నోట్లో కూడా పడాలి. తిథులు తప్ప తెలియని మనిషి ఆ ఒక్క రోజుకు మాత్రం పంచాంగాన్ని పక్కన పెట్టి ఇంగ్లీషు తేదీకి ఒప్పుకుంది.

కొలతలు వచ్చాయి. వచ్చాక అసలు కథ మొదలైంది. మైదా, చక్కెర కప్పుల్లో, వెన్న ఔన్సుల్లో, వేడి ఫారన్‌హీటులో. మా ఊళ్ళో అప్పుడే నయాపైసలు, కిలోలు దిగి, కొట్లో పాత రాళ్ళూ కొత్త రాళ్ళూ పక్కపక్కనే ఉండి, జనం దేన్ని నమ్మాలో తెలియక రెండింటితోనూ తూయించుకుంటున్న రోజులు. ఇప్పుడు వీటిమీద కప్పొకటి. ఏ కప్పు? కాఫీ తాగేదా, మజ్జిగ తాగేదా? స్కూలు ఫైనలు దాకా చదివిన మా నాయనకు లెక్కలంటే ప్రాణం. కప్పుకు ఎనిమిది ఔన్సుల నీళ్ళు పడతాయని అత్త రాసిన మాట పట్టుకుని, కాంపౌండరును బతిమాలి మందులు కొలిచే ఔన్సు గ్లాసు తెచ్చి, ఇంట్లో ఉన్న పాత్రలన్నింటిలో నీళ్ళు పోసి చూశాడు. మా ఇత్తడి సోలలో అంచుకు సరిగ్గా సరిపోయాయి. కప్పంటే సోల అని తేల్చి ఆ పూట నాయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

వేడి దగ్గర మాత్రం ఆయన లెక్క నడవలేదు. మనిషికి నూట అయిదు డిగ్రీలు వస్తేనే ఊరంతా మంచం చుట్టూ చేరుతుంది, ఈ కేకుకు మూడు వందల యాభై కావాలట. నిప్పుకు జ్వరం చూసే పని తనకు వదిలేయమని అవ్వ అంది. ఆమెకు మినపరొట్టె కాల్చడం కొట్టిన పిండి, కింద నిప్పు, మూత మీద నిప్పు, మధ్యలో ఓపిక. చేపల గంపతో వచ్చే ఆమె చేత ఒడ్డు ఇసుక తెప్పించి, కడిగి ఎండబెట్టి, వెడల్పాటి మూకుట్లో పోసి, దానిలో కళాయి గిన్నె దింపి, మూత మీద కణకణలాడే బొగ్గులు పేర్చింది. పిండి కొలిచేటప్పుడు వడ్లు కొలిచినట్టే ఒకటికి బదులు 'లాభం' అని మొదలుపెట్టి, 'రెండు' అని పోసింది. వాసన వీధి చివరిదాకా పోయింది.

కేకు గట్టిగా వచ్చింది. ఎంత గట్టిగానంటే కత్తిపీట మీద కోయవలసి వచ్చింది. అయితే అది చెడిపోయిందని మాకెవరికీ తోచలేదు, ఎందుకంటే మాలో ఎవరూ కేకు తిని ఎరగరు. నాయన నెల్లూరులో బన్ను తిన్నాడు, బిస్కట్టు తిన్నాడు, కేకు తినలేదు. దొరల తిండి ఇట్లాగే ఉంటుంది కాబోలనుకుని పాలల్లో నానబెట్టుకుని తిన్నాం. అవ్వ మాత్రం తింటూ ఆ పసివాడి పళ్ళు ఎట్లా ఉన్నాయో అని దిగులు పడింది. ప్రతి ఏటా ఆ తేదీకి మా ఇంట్లో ఆ కేకు అయ్యేది, ప్రతి ఏటా అవ్వ ముందుగా ఒక ముక్క నోట్లో వేసుకుని, పినాంగు ఉన్న తూర్పు దిక్కుకు తిరిగి కాసేపు కళ్ళు మూసుకునేది. మేం నవ్వుకునేవాళ్ళం కాని ఆమెకు వినపడేట్టు నవ్వేవాళ్ళం కాదు.

ఇచ్చిపుచ్చుకోవడం అన్నాక అటు నుంచీ ఒక కోరిక వచ్చింది. అత్తకు మినపరొట్టె మీద మనసు పోయి కొలతలు అడిగింది. అవ్వకు నీళ్ళు చేతికి తెలుస్తాయి తప్ప నోటికి తెలియవు, అయినా నాయన పట్టుబట్టి అదీ సోలల్లో చెప్పించి కప్పులుగా మార్చి పంపాడు. పిండి జారుగా అయిపోయి రొట్టె అట్టులా పరుచుకుంటోందని జవాబు వచ్చింది. ఆ దేశపు మినుములు మంచివి కావని అవ్వ తీర్పు చెప్పింది.

ఆఖరికి అత్త వచ్చింది, అయిదేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని. వాడు మా మాటలు వింటాడు కాని మాట్లాడడు, అవ్వ దగ్గరికి పిలిస్తే తల్లి కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడతాడు. తన చేత్తో పెట్టింది వాడు ఒక్కసారి తింటే చాలునని అవ్వ ఎన్ని చేసిందో, అరిసెలు, చక్కిలాలు, పాలతాలికలు, వాడు దేనికీ చేయి చాచలేదు. పుట్టినరోజు వాళ్ళు ఇక్కడుండగానే వచ్చింది. అవ్వ మొహం వెలిగిపోయింది. వాడికి తెలిసిన తిండి ఒకటి ఆమెకూ తెలుసు కదా.

వాడు ముక్క కొరికాడు. కొరికిన ముక్కను మెల్లగా బయటకు తీసి అరచేతిలో పెట్టుకుని తల్లి వంక చూశాడు. అత్త కాస్త తుంచి నోట్లో వేసుకుని, ముందు నవ్వి, తరువాత అవ్వ మొహం చూసి ఆపుకుని, ఇది కేకు కాదని, కేకు దూదిలా ఉంటుందని మెల్లగా చెప్పింది.

"అయితే ఇన్నేళ్ళూ వాడు తిన్నది ఒకటి, నేను తిన్నది ఒకటి" అంది అవ్వ.

వంట చెడిందన్న బాధ కాదది. ఏడాదికొక్కసారి మనవడితో కలిసి తింటున్నాననుకున్న మనిషికి అది కాస్తా పోయింది. ఆ మధ్యాహ్నం ఆమె అన్నం తినలేదు, మాలో ఎవరికీ ఆమెను తినమని అడిగే ధైర్యం లేకపోయింది.

మరునాడు పొద్దున్నే అత్త వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, మళ్ళీ చేయమ్మా, నేను చూస్తానంది. అవ్వ సోల నిండా మైదా తీసుకుని, దాని మీద ఇంకా పోసి, అటూ ఇటూ రాలిపోతుంటే చేత్తో ఆపి, కొస తేలేదాకా నిలబెట్టింది. దాన్ని మా ఇంట్లో గోపురం అనేవాళ్ళం. అత్త ఆగమని చెప్పి, చాకు వెన్నుతో ఆ గోపురాన్ని అంచుకు సమంగా తోసేయబోయింది. అవ్వ ఆమె చేయి పట్టుకుంది.

"బిడ్డలకు పెట్టేదాని తల కొట్టకూడదమ్మే. తల కొట్టి కొలిచేది బేరగాళ్ళు."

మా వైపు ఇళ్ళలో అది రాయని చట్టం. అమ్మేటప్పుడు, కొనేటప్పుడు కొలత అంచుకు సమంగా ఉండాలి, ఇంట్లోవాళ్ళకూ ఆడబిడ్డకూ పెట్టేటప్పుడు గోపురం ఉండాలి. అది ఎంత సహజంగా ఉండేదంటే లెక్కల మనిషి నాయనకు కూడా అది లెక్కలోకి వస్తుందని తోచలేదు. అత్త ఆయన వైపు తిరిగి, "అన్నా, నువ్వు నీళ్ళు పోసి కొలిచినావు. నీళ్ళకు గోపురం నిలుస్తుందా?" అంది. నాయన తల గోక్కున్నాడు. అంతలోనే అత్త నవ్వు ఆగిపోయింది. తన మినపరొట్టె ఎందుకు పరుచుకుపోతోందో ఆమెకు అప్పుడే తెలిసింది. "నేనెప్పటి నుంచి తల కొట్టి కొలుస్తా ఉన్నానో నాకే తెలీదమ్మా" అంది.

తల కొట్టడానికి అవ్వ ఒప్పుకోదు, గోపురంతో కేకు పొంగదు. దారి అత్తే కనిపెట్టింది. అటక మీది నుంచి తను చిన్నప్పుడు పాలన్నం తిన్న కంచుగిన్నె తీయించి, దానికి అవ్వ చేత గోపురం కట్టించి, ఆ పిండిని సోలలోకి వంచితే సరిగ్గా అంచుకు నిలిచింది. ఇంక ఆ గిన్నెతో ఎంత గోపురమైనా కట్టుకోమంది. అవ్వ ఆ గిన్నెను తిప్పితిప్పి చూసి, లాభం అంటూ మొదలుపెట్టింది.

ఆ కేకు పొంగింది. పిల్లవాడు అవ్వ చేతి నుంచి తీసుకుని తిన్నాడు, ఇంకోటి కావాలని చేయి చాచాడు. అవ్వ ఒక ముక్క నోట్లో వేసుకుని, కొరకడానికేమీ లేదు, ఇది పళ్ళు లేనివాళ్ళ తిండి అని పెదవి విరిచి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. విచిత్రమేమిటంటే, వాళ్ళున్న మిగతా రోజులంతా ఆ పిల్లవాడు మిగిలిపోయిన గట్టి కేకును కాఫీలో ముంచుకుని, అవ్వ పక్కనే అరుగు మీద కూర్చుని చప్పరిస్తూ ఉండేవాడు.

వెళ్ళేటప్పుడు అత్త సోలను తనతో తీసుకెళ్ళింది, కంచుగిన్నె మాకు మిగిలింది. అవ్వ పోయినప్పుడు ఆమె రాలేకపోయింది. తరువాత రాసిన ఉత్తరంలో ఏడుపేమీ లేదు, ఆ సోలకు తన ఇంట్లో తల కొట్టడం లేదని మాత్రం ఉంది.

మొన్న మా మనవరాలి యంత్రం మీద నేను ఇంట్లో ఉన్న ఇంకో సోలకు గోపురం కట్టి పోసిన ప్రతిసారీ ఒక్కో అంకె వచ్చింది. ఏది రాయాలి నానమ్మా అని విసుక్కుని, చివరికి అన్నింటినీ కలిపి సగటు తీసి పంపింది. ఇప్పుడు ఏ దేశపు కొలతైనా ఏ దేశపు కొలతగానైనా రెప్పపాటులో మారిపోతుంది, మా నాయన ఉంటే ఎంత సంబరపడేవాడో. నాలుగు రోజులకు పినాంగు నుంచి జవాబు వచ్చింది. కేకు బాగానే ఉందట, కాఫీలో ముంచుకుని తిన్నాడట, కాని అవ్వ చేసినంత గట్టిగా లేదట.

ఉండదు నాయనా. మా చేతుల్లో అంత గోపురం నిలవడం లేదు.