ముట్టుకోని చేతులు

మాదాపూర్ దారిలో రేకుల షెడ్డు మెకానిక్ నర్సిములు, ఏ బండి వచ్చినా ముందు అరచేత్తో తడతాడు, గొడ్డును నిమిరినట్టు. ఆ తర్వాతే చెవి పెట్టి వింటాడు. నిరుడు అలాగే, ప్లాట్ల వ్యాపారి రామాంజనేయులు సింగపూర్ నుంచి ఓడలో తెప్పించుకున్న కొత్త కారు మీద చెయ్యి వేశాడు. "తియ్‌రా చెయ్యి! నువ్వు ముట్టుకుంటే వారంటీ పోతాది" అని రామాంజనేయులు పదిమందిలో కసిరి, ఆ చోటును జేబురుమాలుతో తుడిచాడు. ఆ తుడుపు నర్సిములు గుండెలో మేకులా దిగబడిపోయింది.

నాలుగు రోజులుగా మొరాయిస్తున్న అదే కారు ఇవాళ మిట్టమధ్యాహ్నం సరిగ్గా షెడ్డు ముందే ఆగిపోయింది. సింగపూర్ వారంటీ ఇక్కడ చెల్లదని షోరూమువాళ్లు చేతులెత్తేశారట. "రవ్వంత చూడప్పా నర్సిములూ, నీకు పుణ్యముంటాది" అన్నాడు రామాంజనేయులు, చెమట తుడుచుకుంటూ. రామాంజనేయులు తాళం తిప్పగానే వచ్చిన ఒక్క 'టక్' చప్పుడుకే నర్సిములుకు రోగం తెలిసిపోయింది. బ్యాటరీ వైరు వదులైంది, అరనిమిషం పని. అతను సబ్బుతో మోచేతుల దాకా తీరిగ్గా కడుక్కుని, ఆ తెల్లటి చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. "వద్దు సార్, నేను ముట్టుకుంటే వారంటీ పోతది." కాసేపటికి కారును తాడు కట్టి ఈడ్చుకుపోవడానికి వచ్చిన మట్టి ట్రాక్టరును మాత్రం, దగ్గరికి పోయి మరీ, అరచేత్తో ప్రేమగా తట్టాడు.