ఆకులు వదిలిన నీళ్లు

మాదాపూర్‌లో బస్సెక్కిన ఆ చూపులేని పిల్ల ఒక చేత తెల్లకర్ర, ఇంకో చేత మిరపమొక్క కుండీ పట్టుకుని ఉంది. కొమ్మకు ప్లాస్టిక్ కవరు కట్టి ఉంది.

"ఇటు రా బిడ్డా," అని పక్క సీటు చూపించబోయి, ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

"తాతా, ఈ కుండీ జర పట్టుకుంటరా? కవర్ల ఆకులు వదిలిన నీళ్లున్నయి. కారిపోతే నా ప్రయోగం పోతది."

పోయినసారి వాళ్ల సైన్సు సారు, "నీకు ప్రయోగమెందుకమ్మా, మార్కులు ఊరికే వేస్తలే," అన్నాడట. నాకు ఒళ్లు మండింది. చిన్నప్పుడు నన్ను కూడా "నీకు చదువెందుకురా" అని దయగానే బడి నుంచి పంపేశారు. దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి.

"ఊరికే వేస్తే అది మార్కు కాదు, ముష్టి!" అన్నాను.

"గందుకే ఈసారి నేనే చేసిన. నీళ్ల బరువు వేలికి తెలుస్తది. సారు చెయ్యి గూడ పెట్టిస్త."

అంత విలువైన నీళ్లు నా చేతిలో ఉన్నాయని అప్పుడు పట్టుకుంది నాకు భయం. రాయదుర్గం దగ్గర క్యాబొకటి అడ్డమొచ్చి డ్రైవరు బ్రేకు కొట్టాడు. నిలబడ్డవాళ్లంతా మీద పడ్డారు. కుండీని గుండెకు అదుముకున్నాను. చూసుకుంటే అరచెయ్యి తడి. నా గోరు తగిలి కవరు చిరిగిందేమో! తడిమి చూస్తే ఇంకా చిరుగుతుందేమోనని వేలు కదపలేదు.

మణికొండలో ఆమె లేచింది.

"తడి తగులుతోంది బిడ్డా," అన్నాను చివరికి.

ఆమె మొహం పాలిపోయింది. నా అరచెయ్యి తడిమింది. కవరు అడుగున వేలు పెట్టి మెల్లగా ఎత్తింది.

"నీళ్లు ఎట్లున్నయో అట్లనే ఉన్నయి. గిది మీ చెమట తాతా, వెచ్చగుంది. నాకంటె మీరే పరేషానయిన్రు!"

కుండీ తీసుకుని దిగిపోయింది. నార్సింగి వచ్చేదాకా నేను ఆ చెయ్యి తుడుచుకోలేదు.