ఎత్తని ఫోను

మస్తానమ్మ బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున పుట్టి, రేపల్లె వైపు వీరబ్రహ్మానికి భార్యగా వచ్చింది. పడవ వచ్చిన రోజు పచ్చిచేపలు, రాని రోజు ఎండుచేపలు రేపల్లె వీధుల్లో అమ్మి, కూతురు సంధ్యారాణిని తెనాలి కాలేజీలో చేర్పించింది. తనకి చదువు అబ్బలేదు. ఫోను మోగితే మాత్రం ఎవరిదో ఏమిటో తెలుసు.

వాళ్ళింట్లో ఫోనుకో పద్ధతి ఉంది. వేట నుంచి తిరిగొస్తూ సిగ్నలు అందగానే వీరబ్రహ్మం రెండు రింగులిచ్చి పెట్టేస్తాడు. పడవలో ఛార్జింగు దాచుకోవాలి కదా! అందుకే ఎవరూ ఎత్తరు. వస్తున్నాడని తెలుసుకుని మస్తానమ్మ అన్నం వండుతుంది.

ఆ సాయంత్రం గాలి తిరిగింది. ఒడ్డున ఆరేసిన వలల్ని జనం గబగబా ఎత్తుకుపోతున్నారు. మర్నాడు పరీక్షని సంధ్య గుమ్మంలో కూర్చుని, ఫోనులో హెలెన్ మేడం ఇంగ్లీషు పాఠం వింటోంది.

"హ్యాడ్ బీన్, హ్యాడ్ బీన్... ఒకటే మాట పట్టుకుని లాగుతుంది. ఆ మేడంగారికి నత్తేంటే?"

"కాదమ్మా, పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్. ఒకటి జరిగేటప్పటికి ఇంకోటి ఎప్పట్నుంచో సాగుతా ఉందనుకో, అప్పుడు వాడాలి. మనం బస్టాండుకెళ్ళేసరికి వాన ఎంతోసేపట్నుంచి పడతా ఉంది, అట్టా."

"వెళ్ళిందాకా మనకి తెలీదా?"

"తెలిస్తే గొడుగు తీసుకెళ్తాంగా!" సంధ్య నవ్వింది.

అంతలో ఫోను మోగింది. తెర మీద నాన్న పేరు.

"ఆగుద్దిలే," అంటూ మస్తానమ్మ బియ్యానికి లోపలికెళ్ళింది.

రెండు రింగులయ్యాయి. ఆగలేదు. పాఠం నిలిచిపోయిందని విసుక్కుని సంధ్య కట్ చేసింది. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేసింది.

"మీ నాయన చెయ్యి తగిలుంటదిలేవే," లోపల్నుంచి అంది తల్లి. అన్నదే గానీ, బియ్యం కడుగుతున్న చెయ్యి ఎందుకో ఆగింది. ఇంకోసారి మోగి, దానంతటదే ఊరుకుంది.

చీకటి పడకముందే పక్కింటి వెంకటరత్నం వగరుస్తూ వచ్చాడు.

"వదినా, అన్నేమన్నా ఫోన్ చేశాడా? పడవలన్నీ వచ్చినయ్యి. అన్న ఇంజను మొరాయిస్తందని మధ్యాహ్నం మావోళ్ళు చూశారంట. ఎటు కొట్టుకుపోతన్నాడో తెలిస్తే బోటేసుకెళ్తాం."

మస్తానమ్మ కూతురి వంక చూసింది. సంధ్య నాన్నకి ఫోన్ చేసింది. స్విచ్చాఫ్.

"ఏంటమ్మా, చేశాడా లేదా?"

"చేస్తానే ఉన్నాడు బాబాయ్... ఇందాకట్నుంచి."

"ఏం చెప్పాడు?"

సంధ్య ఫోను అతని వైపు తిప్పింది. ఎత్తని కాల్స్ మూడు. వెంకటరత్నం తువ్వాలు తలకి చుట్టుకుని, ఏ దిక్కుకి వెళ్ళాలో తెలియకుండానే రేవు వైపు పరుగెత్తాడు.