సూర్యుడికి అమ్మవారు పోసిన వేసవి

అరవైల చివర విజయనగరంలో ఒక కాలేజీలో కొత్తగా ఫిజిక్సు చెప్పేవాణ్ణి. ఇంట్లో నేనూ మామ్మా ఇద్దరమే. సూర్యుడి మీద మచ్చలు బాగా పెరిగిన కాలమది. పాత టెలిస్కోపు ఒకటి సంపాదించి వంటింటి కిటికీలో పెట్టి, ఎదుటి గోడకు అంటించిన తెల్లకాగితం మీదికి పొద్దున్నే సూర్యబింబాన్ని దింపేవాణ్ణి. ఆ మచ్చల్ని బట్టి, సూర్యుడి చుట్టూ ఉండే వెలుగుల వలయం, కరోనా, ఎంత విచ్చుకుని ఉంటుందో ఊహించుకోవడం నాకు పిచ్చి. సంపూర్ణ గ్రహణమైతే తప్ప అది కంటికి కనబడదు మరి.

ఒకరోజు మామ్మ ఆ కాగితం చూసింది.

"ఒరే, ఈ సుక్కలేటి?"

"సూర్యుడి ఒంటిమీద మచ్చలు మామ్మా."

ఆమె లెంపలేసుకుంది. "సూరీడికి అమ్మోరు పోసిందిరా!"

మధ్యాహ్నానికి గుమ్మానికి వేపమండలు వేలాడాయి. అమ్మవారు పోసిన ఇంట్లో తాలింపు వెయ్యకూడదు, చేప వండకూడదు. రోగి ఆకాశంలో కదా ఉన్నాడని మొత్తుకున్నాను.

"ఆకాశంలో ఉన్నోణ్ణి గొట్టంలోంచి నా వంటింట్లోకి దింపింది నువ్వు కాదేటి? ఎప్పుడు తగ్గుతాది?"

"అయిదారేళ్లు," అని నోరు జారాను.

"అంతవరకూ సప్పిడి కూడే."

పక్కింట్లో చేపల పులుసు మరుగుతుంటే నాకు నిజంగా ఏడుపొచ్చింది. సైన్సు కోసం కళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు గాని, తాలింపు పోగొట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

చివరికి గ్రహణం ఫొటోలున్న పుస్తకం తెచ్చి ఆమె ముందు పరిచాను.

"మచ్చలు తక్కువున్నప్పుడు ఈ కరోనా అటో పాయ ఇటో పాయ. మచ్చలెక్కువైతే చామంతిపువ్వులా చుట్టూ నిండుగా విచ్చుకుంటాది. జబ్బు మనిషికి అంత కళ ఉంటాదా మామ్మా?"

ఆమె ఫొటో చూసింది. తర్వాత నా మొహం చూసింది. అప్పట్లో నా బుగ్గల నిండా మొటిమలు.

"అమ్మోరు కాదురా సన్నాసీ, సూరీడికి వయసొచ్చింది! ముందే సెప్పొద్దేటి?"

వేపమండలు పెరట్లోకి పోయాయి. బాణలిలో ఆవాలు చిటపటమన్నాయి. వయసులో ఉన్నవాడికి పుష్టి కావాలని వంజరం చేప కూడా వచ్చింది. సూర్యుడి వాటా కూడా నేనే తిన్నాను.

కొన్నేళ్లకు మచ్చలు తగ్గాయి. కాగితం బోసిపోయిన రోజున మామ్మ మళ్లీ గోడ దగ్గర నిలబడింది.

"పాపం, ముసలోడైపోనాడు. ముసలోళ్లకి కారం పడదురా."

మళ్లీ చప్పిడి కూడేనని హడలిపోయాను. "మళ్లీ వయసొస్తాది మామ్మా! పదకొండేళ్లకోసారి వస్తానే ఉంటాది."

మామ్మ ఆ కాగితం కేసి కుళ్లుగా చూసింది.

"ఆడికి వస్తాది. మనకి రాదు గదా," అని మిరపకాయలు రోట్లో వేసింది.